కలిపి చెప్పిన ధర

నలభై ఏళ్ళుగా గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా కుళాయిలు బిగిస్తున్నాను. పదివేల ఇళ్ళకి నీళ్ళు ఇచ్చానని మొన్న ఒక పెళ్ళిలో చెప్పాను. పదివేలు కాదు, వెయ్యి ఉంటాయేమో. నలభై ఏళ్ళు కూడా కాదు, ముప్పై ఆరు. ఏది చెప్పినా కాస్త కలిపి చెప్పడం నాకు అలవాటు. పనిలో అబ్బిన అలవాటు, మెల్లగా నాలుక మీదికి పాకింది.

మా పనిలో ఉన్న ధర ఉన్నట్టు చెప్తే గిట్టదు. రావులపాలెంలో అరటిగెలల వ్యాపారి ఒకాయన బాత్‌రూము పైపులు మార్చాలన్నాడు. పన్నెండు వేలన్నాను. ఆయన ఎనిమిదన్నాడు. నేను సంచి సర్దుకున్నాను. ఆయన కాఫీ తెప్పించాడు. పదికి తెగింది. నా అసలు లెక్కా పదే. మొదటే పదని ఉంటే, ఏడుకి దింపేదాకా ఆయనకి నిద్ర పట్టేది కాదు. రోజంతా గెలలకి బేరమాడే మనిషి, అడిగినంతా ఇచ్చేస్తే ఇంట్లోవాళ్ళకి మొహం చూపించలేడు. అందుకని ఆయన తగ్గించుకునే రెండు వేలూ ముందుగా నేనే కలిపి పెట్టాను. దీన్ని మోసమని ఎప్పుడూ అనుకోలేదు. చుట్టాలొస్తారని ఎసట్లో ఓ గుప్పెడు బియ్యం ఎక్కువ పోసినట్టే అనుకునేవాణ్ణి.

రెండేళ్ళ కిందట నరసాపురంలో ఆ బియ్యం తినే చుట్టం రాలేదు.

రేవుకి దగ్గర్లో ఒంటరిగా ఉండే ఒకావిడ నాకు కబురు పెట్టింది. అరవై దాటిన మనిషి, లేసు అల్లి బతుకుతుంది. మున్సిపాలిటీ కుళాయి గేటు దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణించి బిందెలు మోసి మోసి మోకాళ్ళు అరిగిపోయాయి. వంటింట్లోకి ఒక కుళాయి కావాలంది. టేపుతో కొలిచాను, గోడ తట్టి చూశాను, తల గోక్కున్నాను, ఆరు వేలన్నాను. సామానుతో సహా నాలుగు వేల రెండు వందల పని అది. ఇక ఆవిడ మూడున్నర అంటుందని ఎదురుచూస్తున్నాను.

"అలాగేనండి అన్నయ్యగారూ. నాలుగు వేల పైచిలుకు దాచాను. మిగతాది లేసులమ్మి ఇస్తాను. కాస్త ఆగుతారా?" అంది.

నిచ్చెన దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టయింది నాకు. మీరు బేరమాడరా అని నోరు జారి అడిగేశాను కూడా.

"నేనల్లినదానికి ఎప్పుడూ ఎవరూ అడిగినంత ఇవ్వలేదండి. అదెలా ఉంటుందో తెలిసి, మళ్ళీ నేను ఇంకొకరి దగ్గర బేరం ఎలా ఆడతాను?"

మర్నాడు పని మొదలెట్టాను. చెప్పింది వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు. తగ్గించమని అడిగినవాళ్ళకి తగ్గించడం వచ్చు గాని, అడగనివాళ్ళకి తగ్గించడం అన్నేళ్ళలో ఎవరూ నేర్పలేదు. పైపు తక్కువ పట్టిందమ్మా, అంత ఇవ్వక్కర్లేదు అని చూశాను. మిగిలిన ముక్క మీరే పట్టుకెళ్ళండి, ఇంకో ఇంటికి పనికొస్తుందంది. షాపులో రేటు తగ్గిందన్నాను. మీ అదృష్టం అన్నయ్యగారూ, ఉంచుకోండి అంది. నేనెన్ని అబద్ధాలాడినా అన్నీ నా జేబులోకే వచ్చి పడుతున్నాయి.

ఆవిడ కిటికీ పక్కన కూర్చుని టేబుల్ క్లాతు ఒకటి అల్లుతోంది. సూదిని కళ్ళకి జానెడు దూరంలో పెట్టుకుంది. అదెన్నాళ్ళు పడుతుందని అడిగాను. నెలంది. ఎంతకి పోతుందన్నాను. ఏజెంటు దారం ఖర్చు పోను తొమ్మిది వందలిస్తాడంది.

నేను కలిపింది పద్దెనిమిది వందలు. రెండు టేబుల్ క్లాతులు. ఆ కిటికీ పక్కన రెండు నెలలు.

రెంచి కింద పెట్టి, గడప మీద కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను, నాలుగు వేల రెండు వందలే ఇమ్మన్నాను. సూది ఆగిపోయింది. ఇక సామాను సర్దుకుని పొమ్మంటుందనుకున్నాను. ఆవిడ అల్లిక ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"మా ఇంట్లో ఏం చూసి అంత కలిపారండి?"

"ఏమీ చూడలేదమ్మా. చూసుంటే కలిపేవాణ్ణి కాదు."

ఆవిడ తల వంచుకుని నాలుగు కుట్లు అల్లింది. తర్వాత నన్ను తిడుతుందేమోనని చూస్తుంటే, అలా కలిపి చెప్పేటప్పుడు నవ్వు రాదా అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోందని అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది. నవ్వు రాదమ్మా, ధర చెప్పగానే నోరు మూసుకోవాలి, అదొక్కటే కష్టం అన్నాను. మనమే మళ్ళీ మాట్లాడితే మనమే తగ్గిస్తాం. అవతలివాడు వెళ్ళిపోతున్నా పిలవకూడదు. ఇలా నాకొచ్చిన విద్యంతా, రానిది కూడా కొంత కలిపి, ఆ గడప మీద కూర్చుని చెప్పాను.

మూడో రోజు వంటింటి గోడకి కన్నం పెడుతుంటే ఏజెంటు వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడే. పిన్నిగారూ అంటూ వరండాలో కూర్చుని, పూర్తయిన టేబుల్ క్లాతు విప్పి చూశాడు. నేను సుత్తి ఆపాను.

"పదిహేను వందలు బాబూ" అంది ఆవిడ.

"అదేంటండి పిన్నిగారూ, ఎప్పుడూ తొమ్మిదే కదండీ?"

ఆవిడ మాట్లాడలేదు. కుర్రాడు వెయ్యన్నాడు. అయినా మాట్లాడలేదు. అతను లేచాడు. చెప్పుల చప్పుడు గేటు దాకా వెళ్ళింది. నేనైతే పిలిచేసేవాణ్ణి. అంత పాఠం చెప్పినవాణ్ణి, గోడ ఇవతల నిలబడి, పిలువమ్మా పిలువు అని లోలోపల అనుకుంటున్నాను. ఆ టేబుల్ క్లాతు కూడా అమ్ముడుపోకపోతే ఆ పాపం నాదే.

గేటు చప్పుడు కాలేదు. చెప్పులు వెనక్కొచ్చాయి. పన్నెండు వందల యాభైకి తెగింది.

అతను వెళ్ళాక ఆవిడ వంటింట్లోకి వచ్చింది. కుర్రాణ్ణి ఎక్కువ అడిగానంటారా, పాపం అంది. తక్కువే అడిగారమ్మా అన్నాను. నమ్మలేదు. నా మాట నమ్మకపోవడం నాకు కొత్త కాదు గాని, ఆ పూట మాత్రం బాధనిపించింది. గోడ మీద సుద్దముక్కతో రాసి చూపించాను. నా రోజు కూలి ఎనిమిది వందలు. ఆవిడ కూర్చున్నది ముప్పై రోజులు.

ఆవిడ దగ్గరికొచ్చి ఆ అంకెల కింద వేలు పెట్టి చదివింది.

"అయితే వచ్చేసారి రెండు వేలు చెప్తానండి" అంది.

"రెండున్నర చెప్పండమ్మా" అని, కన్నం మిగతా సగం పెట్టడానికి సుత్తి అందుకున్నాను.