పెనం మీద మ్యూయాన్

ఈసారి పదిమంది పిల్లలైనా చేరకపోతే భౌతికశాస్త్రం గ్రూపు ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ ఆ వేసవిలో నాతో చెప్పాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. కుర్చీలో వెనక్కి వాలి చెప్పాడు. కూర్చోమనలేదు కనుక నేను నిలబడే విన్నాను.

బేతంచెర్ల వైపు ఉన్న చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీ అది. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడ పరమాణువు లోపలి సంగతులు చెప్పాను. ప్రోటాన్ లోపలి క్వార్కులను బయటికి రాకుండా పట్టి ఉంచే బలం ఒకటుందని, ఎలక్ట్రాన్ ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవని చెప్పాను. అంతకుముందు ఏడాది పిల్లల్ని చేర్పించమని ఇళ్ళకు తిరిగినప్పుడు కోడుమూరులో ఒక తండ్రికి ఇదే చెప్పబోయాను. ఆయన శనక్కాయలు ఒలుస్తూ విన్నాడు.

"యాడుండాదో మీకే తెలీదంటాండారు. దానికి మావోడు మూడేండ్లు చదవాల్నా సార్?"

పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే లేచి వచ్చేశాను.

కనబడని దానికి పిల్లలు రారు, సరే, కనబడేట్టు చేద్దామనుకున్నాను. ఇంటర్ అయిన పిల్లలకూ వాళ్ళ పెద్దలకూ కాలేజీ చూపించే రోజు ఒకటుంటుంది. ఆ రోజు క్లౌడ్ చాంబర్ అనే చిన్న మేఘపు గది కట్టి మ్యూయాన్లను చూపించాలని నా ఆలోచన. ఆకాశం పైపొరల్లో పుట్టి క్షణమైనా బతకని కణాలవి. ఎలక్ట్రాన్ కంటే రెండువందల రెట్లు బరువు. మన అరచేతిలోంచి సెకనుకు ఒకటైనా దూరిపోతూ ఉంటుంది. కావలసినవి ఎక్కువేమీ కావు. ఒక గాజు బెల్ జార్, దాని లోపల పైభాగాన స్పిరిట్‌లో తడిపిన కంబళి ముక్క, అడుగున బాగా చల్లబడిన నల్లటి పలక, పలక కింద డ్రై ఐస్, అంటే మంచుగడ్డలా గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. స్పిరిట్ ఆవిరి పలక దగ్గర చల్లబడి, కణం పోయిన దారి వెంట తెల్లటి గీతలా కనిపిస్తుంది.

పుస్తకంలో లోహపు పలక అనే ఉంది. నేనే మార్చాను. మా వైపు చదునుగా, నల్లగా ఏది కావాలన్నా బండే. వంటింటి గట్టు బండే, లాబ్ బల్లలూ బండే. పైగా ఆ నల్లబండ గనులు ఒకప్పుడు కడప వైపు మా తాతవి. నాకు ఊహ తెలిసేసరికే అవి వేరేవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. మా ఇల్లు కూడా అమ్ముడుపోయినప్పుడు నడవలోంచి ఒకే ఒక్క బండ పెకలించి తెచ్చుకున్నాను. మూడంగుళాల మందం, అద్దంలాంటి నునుపు. అద్దె ఇంట్లో దాని మీదే రాసుకుంటాను. నలుపు మా ఇంట్లోనే ఉండగా రేకు తెచ్చి రంగు పూయడమెందుకనిపించింది.

లాబ్ అటెండరు నాకంటే పెద్దవాడు. వాళ్ళ నాయన మా తాత గనుల్లో బండలు చీల్చినవాడు. ఆటోలోంచి బండను దించుతూ అన్నాడు:

"అయ్యా, దీన్ని యాడ చల్లబరుస్తారయ్యా? ఎండాకాలం పొద్దుగూకినాంక గూడా మిద్దె మింద పండుకోలేం. ఈపు కాల్తాది. బండకు ఎక్కిన ఏడి అంత బిన్నా దిగదు."

"భౌతికశాస్త్రం నేను చదువుకున్నానప్పా."

"చదువుకోలేదని అన్లేదయ్యా. క్యాంటీన్లో జొన్నరొట్టెల పెనం ఉండాది. అదీ నల్లదే. తెమ్మంటారా?"

"మా ఇంటి బండ తీసి రొట్టెల పెనం పెట్టాల్నా?"

అతను బండను లాబ్‌లోకి మోసుకుపోయాడు.

డ్రై ఐస్ హైదరాబాదు నుంచి బస్సు పార్సిల్లో ఆ ఉదయమే వచ్చింది. దారిలోనే చాలావరకు ఆవిరైపోయింది. ముందుగా చేసి చూసుకునే వీల్లేదు. పదకొండు గంటలకు పిల్లలూ పెద్దలూ లాబ్ నిండా నిలబడ్డారు. కిటికీలు మూసి టార్చి వెలిగించాను. అడుగునుంచి తెల్లటి పొగ రాగానే ఫోన్లు పైకి లేచాయి.

"రేయ్, సినిమాల్లో దేవుడొస్తాడే, అట్లుండాది," అన్నారెవరో.

"దేవుడు బస్సు దొరక్క లేటైనాడేమో."

పావుగంటలో గీతలు కనిపించాలి. అరగంటయినా బెల్ జార్లో ఏమీ లేదు. బండ పైభాగం తాకి చూశాను. కొద్దిగా చల్లబడిందంతే. కింద మంచు మాత్రం సగానికి సగం పోయింది. అంత రాతిలో దాగిన వేడిని తీయడానికే అది ఖర్చయిపోతోంది. ఇంటర్ పిల్లవాడు కాగితం మీద వేసే లెక్క అది. నేను వెయ్యలేదు. మా ఇంటి బండను లెక్కలోకి దించాలని నాకు తోచనే లేదు.

ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నాడు. "సార్, మీ కణాలు ఈ రోజు సెలవు పెట్టినట్టుండాయి. కంప్యూటర్ లాబ్‌లో ఏసీ ఉండాది, పాండప్పా అందరూ."

నవ్వుతూనే వెళ్ళారు. చివరగా ఒకమ్మాయి మాత్రం తలుపు దగ్గర ఆగి, "మళ్ళీ చూపిస్తారా సార్?" అంది. చూద్దామన్నాను. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

అందరూ పోయాక అటెండరు మెల్లగా బల్ల కిందికి వంగి పెనం తీశాడు. వద్దన్నా పొద్దున్నే తెచ్చి దాచిపెట్టాడన్నమాట. నన్ను అడగలేదు. బండను పక్కకు జరిపి, మిగిలిన మంచు ముక్కలు పోగుచేసి, వాటి మీద పెనం పెట్టి బెల్ జార్ బోర్లించాడు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

కొంతసేపటికి, "సార్," అన్నాడు నెమ్మదిగా.

వచ్చి చూశాను. పెనం మీద సన్నటి పొగమంచు తెర. అందులో సూదితో గీసినట్టు తెల్లటి గీత ఒకటి పుట్టి, చూస్తుండగానే చెదిరిపోయింది. ఆ వెంటనే ఇంకొకటి, అడ్డంగా. ఇరవై ఏళ్ళు నల్లబల్ల మీద సుద్దతో గీసిందే గాని, నా కళ్ళతో నేను చూడడం అదే మొదలు.

"ఇది యాడ్నుంచి వస్తాది?"

"ఆకాశంలోంచి."

"మిద్దె అడ్డం లేదా?"

"దానికి మిద్దె ఒక లెక్క కాదు."

"అయితే మనలో గూడా దూరతాంటాదా?"

"దూరుతూనే ఉంటుంది."

అతను తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత గబగబా తలుపు వైపు నడిచాడు. "కంప్యూటర్లు చూసి పిల్లోళ్ళు ఎక్కిన బస్సు ఇంకా గేటు కాడ్నే ఉండాది. పిల్చుకొస్తా సార్."

"వద్దు."

"సార్, మంచు ఇంకో పది నిమిషాలన్నా ఉంటాది."

"వద్దన్నాను కదప్పా."

వాళ్ళొస్తే ముందు చూసేది గీతను కాదు, పెనాన్ని. పక్కకు జరిపిన బండను. ఎందుకు మార్చారు సార్ అని ప్రిన్సిపాల్ అందరి ముందూ అడుగుతాడు. నేను జవాబు చెప్పాలి. ఇంత చదువుకున్నవాడు రాతినీ ఇనుమునూ వేరుగా ఎంచలేకపోయాడని ఆ గుంపులో నా నోటితో నేనే చెప్పాలి. అది నా చేత కాలేదు. గేటు దగ్గర బస్సు హారన్ కొట్టింది. అటెండరు తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాడు. బస్సు కదిలిన చప్పుడు ఇద్దరం విన్నాం.

మిగిలిన గీతలను అతనొక్కడే స్టూలు మీద కూర్చుని చివరిదాకా చూశాడు. నేను అటు తిరగలేదు.

చేరికలు ముగిసేసరికి భౌతికశాస్త్రానికి ఏడు దరఖాస్తులు వచ్చాయి. ఇంకో ముగ్గురు కావాలి. ఆ ముగ్గురూ ఆ బస్సులో ఉన్నారో లేదో నాకు తెలియదు. ఎక్కడుందో తెలియని దాన్ని గురించి ఏళ్ళ తరబడి ప్రశాంతంగా పాఠం చెప్పినవాణ్ణి, ఈ ఒక్క తెలియకపోవడాన్ని మాత్రం ఇప్పటికీ ఓర్చుకోలేను.

స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ నా వైపు చూశాడు. "పోనీ ఆ పొద్దు ఏమన్నా కనపడిందా సార్, మేము పోయినాక? కనపడి ఉంటే చెప్పండి. మేనేజ్‌మెంటుతో ఇంకొక ఏడాది అడిగి చూస్తా."

వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. అటెండరు గోడ పక్కన హాజరు పట్టీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమీ కనపడలేదు," అన్నాను.

అటెండరు పట్టీ బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. గ్రూపు తీసేస్తున్నట్టు రాసిన కాగితం చేతులు మారుతూ వచ్చింది. అందరికంటే ముందు నేనే సంతకం చేశాను.