గోడ మీద తలకిందుల డాక్టరు గారు

కెనడాలో మా సస్కటూన్ ఊళ్లో రిటైరైనవాళ్ల కోసం యూనివర్సిటీ వాళ్లు పగటిపూట క్లాసులు పెడతారు. కిందటి చలికాలం నేను ఐరోపా పునరుజ్జీవన కాలం మీద క్లాసులో చేరాను. అప్పటి చిత్రకారులు శవాలను కోసి కండరాలు చూశారనీ, లెక్కలు కట్టి దూరాన్ని బొమ్మలోకి తెచ్చారనీ మా టీచరు చెబుతుంటే నోరు తెరుచుకుని వినేదాన్ని. ఆ అమ్మాయిది మా చిన్నకూతురి వయసు. ఒకరోజు చీకటి గది సంగతి చెప్పింది. గదంతా చీకటి చేసి కిటికీలో చిన్న రంధ్రం వదిలితే, బయట ఉన్నదంతా ఎదురుగోడ మీద తలకిందులుగా, రంగులతో సహా పడుతుందట.

స్కూల్లో టీచరుగా ఏళ్ల తరబడి పిల్లలచేత అట్టపెట్టెలతో ఇలాంటి కెమెరాలు చేయించాను. ఇంట్లో గదినే కెమెరా చేయవచ్చని మాత్రం ఎన్నడూ తోచలేదు.

మర్నాడే మేడ మీద గది కిటికీకి అట్టలు పెట్టి, నల్ల టేపు అంటించి, మధ్యలో చొక్కా గుండీ అంత రంధ్రం చేశాను. మావారు రిటైరైన డాక్టరు. నా ప్రయోగాలను దూరం నుంచే గౌరవిస్తారు. ఏం చేస్తున్నావని అడగనైనా లేదు, వాకింగ్‌కి వెళ్తున్నానని చెప్పి కిందికి దిగిపోయారు.

కాసేపటికి కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. గోడ మీద మా వీధి వేలాడుతోంది. పైన ఎండకు మెరిసే మంచు, కింద నీలాకాశం. ఇంతలో ఎర్ర జాకెట్టు ఒకటి బల్లిలా పైనుంచి వేలాడుతూ వచ్చింది. మావారే. మా కారు దగ్గర ఆగి, మేడ కిటికీ వైపు ఒకసారి చూశారు. అక్కడ అట్టలు తప్ప ఏమీ కనబడక ధైర్యం వచ్చినట్టుంది. వెనక తలుపు తీసి, ఏదో డబ్బా అందుకుని, చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్లారు.

ఎవరి ప్లేటులో స్వీటు కనిపించినా షుగరు గురించి లెక్చరిచ్చే మనిషి ఆయన. తన షుగరు కూడా పెరిగాక ఇంట్లో స్వీట్లు మానేశాం.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే వెళ్లి చూశాను. సీటు కింద సున్నుండలు! చలికి రాళ్లలా గడ్డకట్టి ఉన్నాయి. వాటిని ఇంట్లో దాచేసి, అదే డబ్బాలో ముల్లంగి ముక్కలు సర్దాను.

మర్నాడు టీ కప్పుతో గోడ ముందు కుర్చీ వేసుకున్నాను. ఆయన డబ్బా తెరిచారు. కదలకుండా నిలబడ్డారు. రోడ్డు అటూ ఇటూ చూశారు, ఆకాశం కేసి చూశారు, మూత పెట్టేశారు. మళ్లీ తీసి, ఒక ముక్క తీసుకుని తిన్నారు. నాకు నవ్వాగక టీ ఒలికిపోయింది.

భోజనం దగ్గర అన్నం కెలుకుతూ కూర్చున్నారు. చివరికి, "ఏమోయ్, కారు లాక్ చేసే ఉంటోంది కదా?" అన్నారు.

"చేసే ఉంటోందండీ. ఏం, ఏమన్నా పోయిందా?"

"పోలేదు. ఊరికే అడిగా."

ఇంకో రోజు గడిచేసరికి కడుపులో దాచుకోలేక ఆయన్ని గదిలోకి పిలిచాను. పోస్టు తెచ్చే ఆవిడ తలకిందులుగా నడిచి వెళ్లడం చూసి అబ్బురపడ్డారు. తర్వాత ముఖం మారింది.

"అంటే, నన్ను కూడా చూశావా?"

"రెండు రోజులు చూశాను. రోజుకి ఎన్ని తింటున్నారు?"

"ఒకటి."

నేను గోడకేసి వేలు చూపించాను.

"ఒకటిన్నర," అన్నారు, మంచం మీద కూలబడుతూ. ఊరందరికీ చెప్పిన మాట తనే పాటించలేకపోయినందుకు సిగ్గేసి దాక్కుని తిన్నానని మెల్లగా చెప్పారు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆదివారం ఒక్కటి, చెరి సగం అని ఒప్పందం చేసుకున్నాం.

తర్వాతి టర్మ్‌కి ఆయన కూడా క్లాసులో చేరారు. మొదటి రోజే ముందు వరసలో కూర్చుని, పాత కాలపు బొమ్మలో భుజం కండరం తప్పుగా ఉందని చెయ్యెత్తారు. మా టీచరు సంబరపడి బోర్డు దగ్గరికి పిలిచింది. ఆయన తన చొక్కా చేతులు పైకి మడిచి క్లాసు అయ్యేదాకా చెబుతూనే ఉన్నారు. ఎవరూ ఆపలేదు. ఆ తర్వాతి క్లాసు నుంచి నేను చివరి వరసకి మారాను.