మొండి మేడం, చిన్న అణువు

కాలేజీలో ఆమెను అందరూ మొండి మేడం అనేవారు. కెమిస్ట్రీ పాఠం ఒక్కరికి అర్థం కాకపోయినా, గంట కొట్టినా సరే, బోర్డు వదిలేది కాదు. కానీ ఆమెకే కొరుకుడుపడనిది ఒకటుండేది. అణువులో ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి ముడిపడి కదులుతాయి. ఆ ముడులన్నీ లెక్కగట్టబోతే, కాస్త పెద్ద అణువుకే ఎంతటి కంప్యూటరైనా చేతులెత్తేస్తుంది.

ఇలాంటి లెక్కలకు క్వాంటమ్ కంప్యూటర్ పనికొస్తుందని విని, యాభై దాటాక ఉద్యోగం మానేసి ఒక పరిశోధనశాలలో చేరింది. అక్కడి బృందాన్ని నడిపేది ఒకప్పటి తన శిష్యురాలే.

"ఈ వయసులో మళ్లీ ఓనమాలా?" అన్నాడు ఆమె అన్నయ్య.

"పలక నువ్వే కొనిపెట్టు," అంది.

ఓనమాలు కష్టంగానే సాగాయి. యంత్రం చూస్తే పైనుంచి వేలాడే తెల్లటి పీపా, పక్కన ఎడతెగకుండా గురగురలాడే పంపు. లోపల, గడ్డకట్టించే చలిలో, లెక్క నడిపే క్యూబిట్లనే బుల్లి భాగాలు. అవీ ఎలక్ట్రాన్లలాగే ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి కాబట్టి అణువు నడకను వాటిచేత అనుకరింపజేయవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ లెక్క పొడవైతే క్యూబిట్లు దారిలోనే చెదిరిపోయేవి. లిథియం, హైడ్రోజన్ కలిసిన బుల్లి అణువుకు కూడా తలాతోకా లేని జవాబులొచ్చేవి.

ఒక మధ్యాహ్నం శిష్యురాలు కుర్చీలో కూలబడింది. "ఇంక నావల్ల కాదు మేడం. లెక్కను ఇంతకంటే కుదించలేను."

మేడం తెర వైపే చూస్తూ అడిగింది: "లిథియం లోపలి ఎలక్ట్రాన్లతో మనకేం పని? బంధంలో అవి వేలు పెట్టేదే తక్కువ. పక్కన కూర్చోబెడదాం."

"కచ్చితత్వం తగ్గుతుందేమో?"

"తగ్గనీ. ఇప్పుడు మాత్రం ఏం ఒరిగింది?"

శిష్యురాలికి నవ్వొచ్చింది, వెంటనే ఇంకో ఉపాయమూ తట్టింది. అణువు ఆకారంలోని సౌష్ఠవాన్ని వాడుకుంటే మరికొన్ని క్యూబిట్లు మిగులుతాయి. ఆ వారమంతా ఇద్దరూ వాదించుకున్నారు, కసురుకున్నారు, టీలు చల్లార్చుకున్నారు. చివరికి లెక్క సగానికి దిగింది.

ఈసారి తెరమీద, రెండు పరమాణువుల మధ్య దూరాన్ని బట్టి అణువు శక్తి ఎలా మారుతుందో చూపే గీత కిందికి జారి, లోయలా వంగి, మళ్లీ పైకి లేచింది. ఆ లోయ అడుగు ఎక్కడుండాలో ప్రయోగాలు ఏనాడో కొలిచాయి. గీత దాదాపు అక్కడే వంగింది. శిష్యురాలు మేడంను వాటేసుకుంది.

"తెలిసిన జవాబేగా, దానికింత హడావిడా?" అన్నాడు అన్నయ్య ఫోన్లో.

"తెలిసింది సరిగ్గా చెప్తేనే కదరా అన్నయ్యా, తెలియనిది అడగ్గలిగేది!"

ఆమె అడగాలనుకున్నది ఎరువుల తయారీలో ఇంధనాన్ని ఆదా చేసే ఉత్ప్రేరకం గురించి. దానికి ఈ యంత్రం చాలదని, ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేమని శిష్యురాలు ఉన్నమాట చెప్పేసింది.

"సరే, ముందు నీటి అణువు చూద్దాం," అంటూ మేడం కుర్చీ దగ్గరికి లాక్కుంది.