ఫోన్ ఎత్తని అయిదు నెలలు

పోయిన మంగళవారం పొద్దున అల్వాల్‌లో మా పెద్దమ్మ పోయింది. గుండెపోటు. ఆటో ఇంటి ముందుకు వచ్చేసరికే ప్రాణం లేదు. రెజిమెంటల్ బజార్‌లో ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకున్నవాళ్లు ఇది చదువుతుంటే, కబురు ఇలా చెప్పినందుకు మన్నించండి.

ఆమె కుట్టిన జాకెట్లతోనే నేను ఇంటర్ చదివాను. మా అమ్మ చనిపోయాక నన్ను తెచ్చుకుని పెంచింది ఆమే. దారం చిక్కుపడి నేను విసుక్కుంటే, "గుంజితే తెగుతది, ఇడిస్తే ముడి పడ్తది. జెర ఓపిక పట్టు" అనేది. ఆమెకు ఎంత ఓపిక ఉందో నేను ఇంటర్ చదివే ఏడాదే తెలిసింది.

పెదనాన్న సరుకుల ఓడలో ఫిట్టరు. సోమాలియా దగ్గర సముద్రపు దొంగలు ఆ ఓడను పట్టుకున్నారు. కంపెనీ మనిషి ఇంటికొచ్చి ఒకే మాట చెప్పి వెళ్లాడు. దొంగలు ఫోన్ చేస్తే ఎత్తొద్దు. ఇంట్లోవాళ్లు ఏడిస్తే వాళ్లు రేటు పెంచుతారు. బేరం కంపెనీయే చూసుకుంటుంది.

వారానికోసారి ఫోన్ మోగేది. తెలియని పొడుగు నంబరు. పెద్దమ్మ దాన్ని మిషన్ బల్ల మీద పెట్టి, మోగినంతసేపూ మిషన్ తొక్కేది. ఎత్తమని కాళ్లు పట్టుకున్నాను. "ఎత్తితే ఆయన ధర నేనే పెంచినట్టయితది బిడ్డా" అంది. ఒకసారి ఆగలేక నేనే ఎత్తాను. "మీ పెద్దమ్మను పిలువు" అన్నాడు పెదనాన్న. ఆ వెనక దెబ్బ పడిన చప్పుడు, అరుపు. పెద్దమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని కట్ చేసింది. ఆ పూట కుట్టిన జాకెట్ల చేతులన్నీ తిరగబడ్డాయి. విప్పి మళ్లీ కుట్టింది.

అయిదు నెలలకు ఓడ ఓనరుతో దొంగల బేరం కుదిరింది, పెదనాన్న వచ్చాడు. కుడి చేతి మూడు వేళ్లు విరిగి, వంకరగా అతుక్కున్నాయి. మొదటి ముద్ద ముందు కూర్చుని అన్నాడు: "మోగినంతసేపు కొట్టేటోళ్లు. నువ్వు ఎత్తలే."

ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. అప్పటినుంచి పెద్దమ్మే ఆయనకు అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టింది, చొక్కా గుండీలు పెట్టింది. ఏ ఫోన్ అయినా రెండోసారి మోగకముందే ఎత్తేది. లోన్ కావాలా అని అడిగే పిల్లతో కూడా "తిన్నవా బిడ్డా" అని మాట్లాడేది. గిరాకీలు నవ్వుకునేవాళ్లు.

ఆయన అప్పుడప్పుడు తనకు కాపలా ఉన్నవాడి సంగతి చెప్పేవాడు. వాడు ఒకప్పుడు చేపలు పట్టేవాడట. వాళ్ల దేశంలో అడిగే సర్కారు లేదని పరాయి దేశాల పెద్ద ఓడలు వచ్చి చేపలన్నీ ఊడ్చుకుపోయాయట. మొదట ఆ ఓడలను తరమడానికే తుపాకులు పట్టారు. తర్వాత మనుషుల్ని పట్టుకుంటే డబ్బు వస్తుందని తెలిసింది. ఆ డబ్బు ఒడ్డునున్న షావుకార్లకు పోయేది, కాపలావాడికి పప్పు మెతుకులే. పెద్దమ్మ అంతా విని, "వేళ్లు ఇరగ్గొట్టినోని ఆకలి ముచ్చట నాకు చెప్పకు" అని లేచిపోయేది.

మూడో రోజు కార్యం అయ్యాక డాబా మీద పెదనాన్న, నేను మిగిలాం. ఆయనే మొదలుపెట్టాడు.

"మా ఓడ వంటాయన భార్య ప్రతిసారి ఎత్తింది. ఆమె ఏడిస్తే ఆ దొంగలకు ఆశ పుట్టేది. ఇంకింత కొట్టేటోళ్లు. కొట్టి కొట్టి చంపిన్రు. నా ఫోన్ ఎవ్వరు ఎత్తుతలేరని నన్ను కొట్టుడు ఆఖరికి ఇడిచిపెట్టిన్రు. మీ పెద్దమ్మ ఎత్తకపోవుడే నన్ను బతికిచ్చింది."

ఆయన ముఖంలోకి చూశాను. "ఈ ముచ్చట పెద్దమ్మకు చెప్పినవా?"

"లే."

"ఇన్నేండ్లు?"

"చెప్తే ఆమె పానం తేలికైతుండె." వంకర వేళ్లు చూసుకున్నాడు. "గందుకే చెప్పలే."

ఆయన లేచి దండెం దగ్గరికి వెళ్లాడు. మంగళవారం పొద్దున పెద్దమ్మ ఆరేసిన నూలు చీర ఇంకా అక్కడే ఉంది, ఎండకు అట్టకట్టి. దాన్ని లాగి మడత పెట్టబోయాడు. ఆరు గజాల చీర ఒక్క మనిషికి లొంగదు. ఒక అంచు పట్టుకుంటే ఇంకో అంచు నేల మీద పడుతోంది. రెండో కొస పట్టుకోమన్నట్టు నావైపు చూశాడు.

నేను కదల్లేదు. ఆయన చీర పట్టుకుని అలాగే ఎండలో నిలబడ్డాడు.