అడ్డం ఏడు: అత్తనా, అద్దమా?

అత్తను ఇంట్ల తిట్టుకునే కోడండ్లను చూసిన్రు. వాడకట్టుల తిట్టుకునేటోళ్లను చూసిన్రు. గని అత్త ఆనవాళ్లన్నీ పేపర్ల అచ్చు వేయించి, రెండు ఖాళీ గడులు గీసి, "ఈమె ఎవలో మీరే చెప్పున్రి" అని జిల్లానంతా అడిగిన కోడలును చూసిన్రా? చూడకపోతే ఇప్పుడు చూడున్రి, నేనే. కావాలని చేయలే. అయినా ఆ రెండు గడుల్ల నా కాపురం మునిగినంత పనైంది.

నా పుట్టిల్లు సిరిసిల్ల. మా నాయిన మగ్గాల షెడ్డు నుంచి రాంగనే పేపర్ల వార్తలన్ని ఇడిచిపెట్టి, వెనుక పేజీల గడినుడి ముందల వేసుకునేటోడు. అడ్డం, నిలువు ఆధారాలు ఆయన చదివితే నేను జవాబులు చెప్పేదాన్ని. పక్కింటి మగ్గాల చప్పుడుల అరిచి అరిచి నా గొంతు పెద్దగైంది, మాటలు గూడ మస్తు నేర్చిన. పెండ్లై కోరుట్లకు వచ్చేటప్పుడు అందరు పెట్టెల చీరలు తెచ్చుకుంటరు. నేను చీరల కింద పాత గడినుడులు దాచుకొని వచ్చిన. పెండ్లైన కొన్నాళ్లకే మా ఆయన మస్కట్ పోయిండు. ఇంట్ల నేను, మా అత్తమ్మ మిగిలినం.

జగిత్యాల నుంచి ఓ చిన్న వారపత్రిక వస్తది. దానికి గడినుడి చేసేటోళ్లు కావాలంటే నేను ఒకటి చేసి పంపిన. నా పట్టుదల ఏందంటే, మన మాటలే పెట్టాలె. సొరకాయ కాదు, ఆనిగెపుకాయ. దారి కాదు, తొవ్వ. దాహం కాదు, దూప. మనం నోటితోని మాట్లాడే మాట పేపరు గడుల్ల కాలు మీద కాలేసుకొని కూసుంటే చూడాలని నా ఆశ. సంపాదకుడు సారు ఫోన్ చేసి, మంచిగుందమ్మా, ఇట్లనే పంపు అన్నడు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా కాళ్లు భూమ్మీద ఆనయి.

అందుల నాకు అన్నిటికంటే నచ్చింది నిలువు ఏడు. "చెరువు నిండితే దుంకేది. కోపమొచ్చిందా, ఈ పని చెయ్యి." జవాబు అలుగు. ఒక్క మాటల చెరువూ పట్టింది, కోపమూ పట్టింది. అది రాసినంక లేచి ఇల్లంతా ఓ చుట్టు తిరిగొచ్చిన. గంత గర్వం.

అదే 'అ' తోని అడ్డం ఏడు గూడ మొదలు కావాలె. "పొద్దున లేవంగనే ముందట నిలవడితే, ఉన్న వంకలన్ని మొఖం మీదనే చెప్తది." రెండు గడులు. నా జవాబు అద్దం.

గడినుడికి ఓ నీతి ఉంటది. ప్రతి అక్షరానికి అడ్డం నుంచి ఒక సాక్షి, నిలువు నుంచి ఒక సాక్షి ఉండాలె. 'అ' కు అలుగు సాక్షి. 'ద్దం' కు సాక్షి కోసం మస్తు ఎతికిన. యుద్ధం దొరికింది, అబద్ధం దొరికింది, గని ఆ రెండిటి వత్తు వేరు. ఇసుగొచ్చి ఆ గడికి పైన, కింద నల్లగడులు పెట్టి పంపిచ్చిన. వత్తు కలవదని నేను వద్దన్న యుద్ధం, అబద్ధం రెండూ ఆ వారమే మా ఇంట్ల దిగినయి.

మా అత్తమ్మ సంగతి చెప్పాలె. కడుపుల ఒకటి పెట్టుకొని బయటికి ఇంకొకటి మాట్లాడుడు ఆమెకు రాదు. కొత్త చీర కట్టుకుంటే, "రంగు మంచిగనే ఉంది, నీ మీదనే మంచిగ లేదు" అంటది. పప్పు వండిపెడితే, ఉప్పు ఒక్కటి సరిపోయింది అంటది. అసొంటి మనిషి నా పేరు పేపర్ల వచ్చిందంటే నాకంటే ఎక్కువ సంబురపడ్డది. పేపరు చంకల పెట్టుకొని, ఆడోళ్లు బీడీలు చేసుకుంట కూసుండే సుగుణక్క ఇంటి పందిరి కిందికి పోయింది. రాసిన మనిషిని గూడ చూడాలె గద అని నన్ను వెంటవెట్టుకొని పోయింది.

సుగుణక్క ఆధారాలు చదువుతుంటే, ఆడోళ్లు చేతుల బీడీ ఆపకుండనే జవాబులు చెప్తున్నరు. అలుగు ఎంటనే చెప్పిన్రు. నేను పీటల మీది పెండ్లిపిల్ల లెక్క తల వంచుకొని మురుస్తున్న. గంతల అడ్డం ఏడు వచ్చింది. సుగుణక్క చదివింది. ఆగింది. మల్ల మనసుల చదువుకున్నది. చాట తీసి మొఖానికి అడ్డం పెట్టుకున్నది.

"ఎన్ని గడులు?" అని ఓ ముసలవ్వ అడిగింది.

"రెండు. మొదటిది అ."

"గింత అలకటి దానికి ఆలోచనేంది. అత్త."

పందిరి కింద చాటలల్ల తునికాకు ఎగిరేటట్టు నవ్విన్రు. మా అత్తమ్మ గూడ నవ్వింది. నవ్వుకుంటనే, "ఎవల అత్త?" అని అడిగింది.

అందరి కండ్లు మెల్లగ నా దిక్కు తిరిగినయి, నా నుంచి ఆమె దిక్కు పోయినయి. అత్తమ్మ పేపరు మడిచి ఆడనే పెట్టి ఇంటి తొవ్వ పట్టింది. నిలువు ఏడు రెండో అర్థం నా ముందల నడుచుకుంట పోతున్నది.

అత్త చచ్చిన ఆర్నెల్లకు కోడలు ఏడ్చిందంటరు. మా ఇంట్ల అత్త అలిగిన అరగంటకే కోడలు ఏడ్చింది. ఏడిస్తే అయ్యేది లేదని, గోడకున్న అద్దం పీకి తెచ్చి ఆమె ముందల పెట్టిన.

"అత్తమ్మా, ఇగో, ఇది. అడ్డం ఏడు."

"నాతోని అడ్డం మాట్లాడకు."

"అడ్డం కాదత్తమ్మా, అద్దం. అంటే అడ్డంల అద్దం."

"అద్దమైతే అద్దమనే రాయాలె. గంత చుట్టు తిప్పుడేంది?"

గడినుడి అంటేనే చుట్టు తిప్పి రాసుడని ఆ మొఖం చూసి చెప్పబుద్ధి కాలే. చివరి అక్షరానికి సాక్షి లేకపాయె, తప్పంతా గక్కడనే జరిగింది అన్న. సాక్షులు ఎందుకు లేరు, పందిరి కింద ఉన్నోళ్లందరు సాక్షులే అన్నది. రాసేటప్పుడు తాను ఒక్కసారన్న యాదికి రాలేదా అని అడిగింది. రాలే అన్న. వచ్చింది. జవాబు రాసినంకనే వచ్చింది గని, వచ్చింది.

గప్పటిసంది మాట బంద్. పప్పుల ఉప్పు ఎక్కువై నేనే తినలేకపోయిన, ఆమె మాత్రం కిమ్మనకుండ తిని లేచింది. వంకలు పెట్టే మనిషి నోరు మూసుకుంటే ఇల్లు ఎంత పెద్దగైతదో అప్పుడు తెలిసింది.

మా ఆయనకు ఫోన్ చేసిన, అమ్మకు జర చెప్పమని. ఆయన ఫోన్ల ఆ పేజీ ఫోటో ముందే చూసిండట, రూముల ఉన్నోళ్లందరు కలిసి గడులు నింపిన్రట. అడ్డం ఏడు ఏం రాసిన్రని అడిగిన. అందరు అత్త అనే రాసిన్రు, ఒక్క పెండ్లిగానోడు మాత్రం అద్దం అని రాసిండు అన్నడు.

ఆఖరుకు సంపాదకుడు సారు ఫోన్ చేసిండు. నేను వంటింట్ల పనిల ఉండి స్పీకర్ల పెట్టిన. అత్తమ్మ అటు తిరిగి ఎల్లిపాయలు ఒలుస్తున్నది. వచ్చిన జవాబులల్ల సగానికి ఎక్కువ అత్త అనే ఉన్నయి, అద్దమొక్కటే సరి అంటే పాఠకులు ఊకోరు, ఏం వేయాల్నో నువ్వే చెప్పాలె అన్నడు. అద్దమే సారు, మీ కాళ్లు మొక్కుత, అద్దమే వేయున్రి అన్న.

ఎల్లిపాయల చెయ్యి వచ్చి నా ముందలున్న ఫోన్ గుంజుకున్నది.

"సారూ, ఆ అత్తను నేనే మాట్లాడుతున్న. అద్దం ఏం చెప్తది ఉన్నదున్నట్టు? కుడిచెయ్యిని ఎడమచెయ్యి చేసి చూపెడ్తది. అదీ ముందటికి పోయి నిలవడితేనే. నేనైతే వెనుక నుంచి గూడ చెప్త. అత్త అనే వేయి."

సారు నవ్వు ఆపుకోలేక, అట్లనే వేస్తనమ్మా అన్నడు. అట్లనే వేసిండు గూడ. నేను చేసిన గడినుడిల నా జవాబే తప్పైంది. గని ఆ పేపరు వచ్చిననాడు మా అత్తమ్మ పందిరి కింద మహారాణి లెక్క కూసొని, ఆ రెండు గడులు అందరికి చూపెట్టింది. ఆమెను చూసి, గడుల్ల మన మాటలే కాదు, మన మనుషులు గూడ పడ్డరని నాకు మస్తు గర్వమైంది.

కథ ఆడికి ఒడిసిందనుకున్న. ఒడవలే. ఇంటికి రాంగనే అత్తమ్మ ముందల కూసొని, ఇప్పుడు నేనొకటి చెప్త, రాసుకో అన్నది.

"పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే, పేపర్ల గడులు నింపేటిది. మూడు గడులు."

ఏం చెప్పినా వచ్చే గడినుడిల పెడ్తనని సంబురంల ముందే మాటిచ్చిన, పెట్టక తప్పలే. ఎవలో ఒక్కలన్న తప్పు రాయకపోతరా అని ఆశతోని ఎదురుచూసిన. సిరిసిల్ల నుంచి మా నాయిన సుతం పంపిండు జవాబు. వచ్చిన కాగితాలన్నిట్ల కోడలు, కోడలు, కోడలు. ఒక్కలంటే ఒక్కలు తప్పు రాయలే.

కాబట్టి కొండగట్టు అంజన్న మీద ఒట్టువెట్టి చెప్తున్న. ఇక నుంచి సాక్షి లేని గడి గీయను. చుట్టరికానికి సరిపోయే ఆధారం రాయను. రేపు మా ఆడిబిడ్డ వస్తున్నది, ఆమె ఉన్నన్ని దినాలు 'ఆ' తోని మొదలయ్యే మాటల జోలికి అసలే పోను.