వేలెడంత బొమ్మ, విరిగిన గొడుగు

అత్తాకోడళ్ల కథ అనగానే పోట్లాట కోసం చెవులు రిక్కించేవాళ్లకు ఇందులో ఏమీ దొరకదు. ఈ అత్తగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ పళ్లసెట్లు తయారుచేసింది. ఊళ్లో సగం మంది నవ్వులు ఆవిడ చేతి చలవే. రిటైరయ్యాక కూడా ఆ చేతులు ఊరుకోలేదు. వేలెడంత బొమ్మలు కొని రంగులు వేయడం మొదలుపెట్టింది. ఆవిడ కనుపాప దిద్దుతుంటే ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. ఓసారి కుంచెను టీలో ముంచి, రంగునీళ్లు తాగబోయింది. కోడలు చూడబట్టి సరిపోయింది.

చుట్టుపక్కల ఊళ్లలో పోటీ ఎక్కడ జరిగినా కారు నడిపేది కోడలే. అద్దె హాల్లో బల్లల మీద నల్లగుడ్డ పరిచి బొమ్మలు పెడతారు. పక్కన అంకె తప్ప పేరుండదు. గడువు దాటితే ఎంత బతిమాలినా తీసుకోరు. ఇన్నాళ్లూ మామూలు విభాగంతో సరిపెట్టుకున్న అత్తగారు ఈసారి ధైర్యం చేసి ఉద్దండుల విభాగానికి పేరిచ్చింది. గొడుగు పట్టుకుని నడిచే ముసలమ్మ బొమ్మ. చలికాలమంతా దానితోనే గడిచిపోయింది.

దారిలో కుక్కపిల్ల అడ్డొచ్చింది. కోడలు బ్రేకు తొక్కింది. అత్తగారి ఒళ్లోని పెట్టెలో టక్కుమని చప్పుడైంది.

హాలు బయట కారాపి మూత తీస్తే, గొడుగు విరిగి ఓ మూల పడి ఉంది.

"నా చేతులు విరగ్గొట్టాలి అత్తయ్యా!" అని కోడలు ఏడుపందుకుంది.

"వాటితో ఇప్పుడు పనుంది. తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని, ముందు టార్చి పట్టు."

కాడ ముక్కలైపోయింది, మళ్లీ నిలబడదు. అత్తగారు కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, వెంట తెచ్చుకున్న జిగురూ కుంచే బయటికి తీసింది. బొమ్మ చేతిలో మిగిలిన పుల్లను గిల్లేసి, గొడుగును తిరగేసి ముసలమ్మ వెనకాల నేల మీద అతికించింది. చెంపల మీదా దారి మీదా మెరిసే వార్నిష్ చుక్కలు పెట్టింది. ముసలమ్మ చెయ్యి మాత్రం పైకి లేచే ఉంది. ఇప్పుడు గొడుగు గాలికి ఎగిరిపోయింది, ఆవిడ వానలో తడుస్తోంది. కోడలు వెక్కుతూనే టార్చి పట్టింది గానీ, కుంచె పట్టిన అత్తగారి చెయ్యి వణకలేదు. అలాంటి చేతికి దండం పెట్టాల్సిందే.

గడువు ముగిసేలోపే బొమ్మ బల్లెక్కింది.

సాయంత్రం ఆ బొమ్మకు మూడో బహుమతి ప్రకటించారు. భూతద్దం ఇంకా చేతిలోనే పట్టుకుని న్యాయనిర్ణేత దగ్గరికొచ్చాడు.

"అందరూ కత్తులూ గుర్రాలూ తెచ్చారండీ. గొడుగు ఎగిరిపోవడం మీకెలా తట్టింది?"

చుట్టూ జనం చేరారు. తన బ్రేకు సంగతి ఇప్పుడు బయటపడుతుందని కోడలు తల దించుకుంది. అత్తగారు చెయ్యి పట్టి ఆమెను ముందుకు లాగింది.

"నాకెక్కడ తట్టిందండీ! నాది ఊరికే నడుచుకుంటూ పోయే ముసలమ్మ. గాలి తెచ్చింది మా కోడలు."

కోడలు మళ్లీ ఏడ్చింది. ఈసారి తీరిగ్గానే.