చెంబు పట్టుకున్న మనిషి

అత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను టెక్కలిలో, బడి స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను. "అత్త ఎలిపోనాది. బేగి బయల్దేరు," అన్నాడు, అంతే. నేను వెంటనే ఏడవలేదు. పెన్నుకి మూత పెట్టి, చెప్పులు విప్పి, నా కాళ్ల వంక చూసుకున్నాను. పక్క టీచరు నన్ను వింతగా చూసింది. చావు కబురు విని కాళ్లు చూసుకోవడమేమిటో చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

మా నాన్నకి అక్క ఆవిడ. ఉద్దానంలో, సముద్రపు హోరు వినిపించే మా ఊళ్లో, మా ఇంటికి గోడ అవతలే ఉండేది. పిల్లల్లేరు కాబట్టి నన్ను సగం ఆవిడే పెంచింది. పలాస ఫ్యాక్టరీ నుంచి వచ్చే జీడిపప్పుకి పొట్టు తీయడం ఆవిడ పని. చెక్కుచెదరని పప్పు గుండు, రెండుగా విడిపోతే బద్ద, ముక్కలైతే నూక. వేళ్లు ఆ ఏరుడికి ఎంత అలవాటు పడ్డాయంటే మనుషుల్ని కూడా అలాగే వేరు చేసేది. ఊరికి వచ్చిన కొత్త కోడల్ని చూసొచ్చి "బద్ద" అనేది. గంటసేపు ఉపన్యాసం దంచిన నాయకుణ్ణి "నూకే" అని తేల్చేసింది. "మోగే జీడిపిక్కలో పప్పుండదు" అన్నది ఆవిడ నోట రోజూ వినే మాట. నేనేమిటో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

ఏటా అమ్మోరి సంబరంలో ఆవిడ ఒంటి మీదకి అమ్మోరు వచ్చేది. డప్పులు మోగుతుంటే వేపరొట్ట పట్టుకుని ఊగుతూ, ఊరికి జరగబోయేది చెప్పేది. పసుపునీళ్ల చెంబు పట్టుకుని పక్కన నిలబడడం నా పని. పూనకం దిగాక ఆవిడకి ఒక్క ముక్క గుర్తుండేది కాదు. ముందు నన్నే అడిగేది, "ఏటన్నానే?" అని. పెద్దవాళ్లు తీపి పూసి చెబుతారని ఆవిడ అనుమానం. నేను విన్నది విన్నట్టు అప్పజెప్పేదాన్ని.

నా పన్నెండో ఏట జరిగిన సంబరంలో ఆవిడ ఊగుతూ ఊగుతూ ఆగింది. వేపరొట్టతో సొంత మొగుణ్ణే చూపించింది. "మళ్లీ సంబరానికి ఈడు నా ముందు నిలబడడు," అంది. డప్పులు ఆగిపోయాయి. మావయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని నవ్వాడు. అప్పటికే ఆయన పాదాలు పొంగి ఉన్నాయి. బొటనవేలితో నొక్కితే సొట్ట పడి, అలాగే ఉండిపోయేది. కిడ్నీలు పాడై వీధిలో ఒకరి తర్వాత ఒకరు పోతున్న రోజులవి. కాళ్ల పొంగంటే ఏమిటో మా పక్క పిల్లలకి కూడా తెలుసు.

పూనకం దిగింది. "ఏటన్నానే?" అంది అత్త. మా అమ్మ వెనక నుంచి నా వీపు గిల్లింది.

"వానలు బాగా పడతాయన్నావత్తా," అన్నాను.

ఆవిడ నీళ్లు తాగి, మావయ్య చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. ఆ ఏడు తిరక్కుండానే మావయ్య పోయాడు. అత్త మళ్లీ సంబరానికి వెళ్లలేదు. ఊరంతా కలిసి ఆ మాట ఆవిడకి తెలియకుండా దాచామనే నేను అనుకున్నాను.

మరుసటి వేసవిలో ఎదురింటి పెళ్లికి టీవీ, వీడియో డెక్కు అద్దెకి తెచ్చారు. మధ్యాహ్నం పూట కిటికీలకి గోనెలు కట్టి, పాత నలుపు తెలుపు దెయ్యం సినిమా వేశారు. అందులో దెయ్యం పట్టిన హీరోయిన్ని చూసి అప్పట్లో హాల్లో జనం మూర్ఛపోయేవారని మా అమ్మ గొప్పగా చెప్పేది. ఆడవాళ్లంతా కొంగుల్లో మొహాలు దాచుకున్నారు. అత్త ఒక్కతే చేట ఒళ్లో పెట్టుకుని, పొట్టు తీస్తూ చూసింది.

హీరోయిన్ జుట్టు విరబోసుకుని అరిచింది. "నూక," అంది అత్త. తెర మీద ఆమె కళ్లు తేలేసింది. "ఇదీ నూకే. అమ్మోరొచ్చినప్పుడు కళ్లు తేలిపోవు. మరీ బాగా కనపడతాది." మెట్ల మీద నుంచి వెనక్కి నడుస్తూ దిగింది. "ఇది పరవాలేదు, బద్ద."

"ఓలమ్మా, నువ్వు బయపడవు, మమ్మల్ని బయపడనియ్యవు," అని పెళ్లింటి ముసలమ్మ విసుక్కుంది.

చివర్లో దెయ్యం వదిలింది. హీరోయిన్ మంచం మీద లేచి కూర్చుంది. జారిన పైట సర్దుకుని, చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తూ, తాను ఏమైనా అన్నానా అని అడిగింది. అత్త చేతులు ఆగిపోయాయి.

"గుండు," అంది మెల్లగా. "అరుపులు ఎవులైనా అరుత్తారు. దిగిపోయినాక, నా నోటితో ఎవుల్ని సంపేసినానో అని సూసుకుంటాం సూడు, అదీ బయం."

తెర మీద ముసలి ఆయా, ఏమీ అనలేదమ్మా అంటూ దుప్పటి సర్దింది.

"ఈ ముసల్దీ గుండే," అంది అత్త, నా వైపు తిరక్కుండానే. "అబద్దం ఆడినోళ్లు సేతికి పనెట్టుకుంటారు. సెంబు పట్టుకున్నోళ్లయితే సెంబులోకి సూత్తారు."

ఆ రోజు వానల మాట చెబుతూ నేను చెంబులోకే చూశాను. పసుపునీళ్ల మీద ఒక వేపాకు తేలుతోంది. అంటే నేను దాచిందేమిటో ఆవిడకి ఆ క్షణానే తెలుసు. తెలిసే మావయ్య చెయ్యి పట్టుకుని నడిచింది, తెలిసే చివరిదాకా ఆయనకి అన్నం పెట్టింది. నేను ఏడవబోతుంటే, "నోరు తెరు," అని చేటలోంచి ఒక గుండు తీసి నా నోట్లో వేసింది. గుండు ఒక్కటి కూడా ఎవరినీ తిననిచ్చేది కాదు ఆవిడ. ఆ రుచి నేను మర్చిపోలేదు. తర్వాత నన్ను టెక్కలిలో చదివించమని నాన్నతో పోట్లాడింది కూడా ఆవిడే. ఇవాళ నేను టీచర్నంటే అది ఆవిడ చలవే.

పోవడానికి మూడు రోజుల ముందు, ఆదివారం చూడ్డానికి వెళ్లాను. ఆవిడకీ మావయ్య జబ్బే వచ్చింది. తెలివి ఉండి ఉండి ఎక్కడికో పోయి వస్తోంది. నేను మంచం పక్కన కూర్చోగానే ఆవిడ చూపు నా కాళ్ల మీద నిలిచింది. కళ్లు తేలిపోలేదు. చాలా బాగా చూస్తున్నాయి.

"నీ కాళ్లకీ నీరొచ్చినాది. నా ఎనకాతలే వత్తావు," అంది. సంబరంలో విన్న గొంతే అది.

తర్వాత రెప్పలు వాల్చి తెరిచింది. మళ్లీ మా అత్త అయింది. పైట సర్దుకుని, "ఏటన్నానే?" అంది.

పక్కన నీళ్ల గ్లాసు ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆవిడ కళ్లలోకి చూస్తూ, "వానలు బాగా పడతాయన్నావత్తా," అన్నాను.

ఆవిడ ముందు నా చేతులు చూసింది. తర్వాత మొహం చూసింది.

"గుండు," అంది.

చిన్నప్పటి నుంచి ఆ మాట కోసం ఎదురుచూశాను. నాతో ఆవిడ అన్న ఆఖరి మాట కూడా అదే.

నేను పిల్లలకి సైన్సు చెబుతాను. జబ్బుమనిషి పలవరింతలకి భయపడకూడదని నాకు తెలుసు. రక్తపరీక్ష చేయించుకోవాలనీ తెలుసు, రేపు రేపంటూ జరుపుతున్నాను. రోజూ పొద్దున్న చెప్పులు వేసుకునే ముందు గుమ్మంలో కూర్చుని, చీలమండ పైన బొటనవేలితో నొక్కుతాను. ఇంతవరకు సొట్ట పడలేదు. కానీ నొక్కిన వేలు పైకి తీయడానికి రోజురోజుకీ కొంచెం ఎక్కువసేపు పడుతోంది.